గాలికి వదిలిన కంత

రాజనర్సు నిచ్చెన మీద నిలబడి, పళ్ల మధ్య తీగ ముక్క పట్టుకుని, ఫ్లెక్సీ పై అంచును ఇనుప చట్రానికి బిగిస్తున్నాడు. పొద్దున్నుంచి అదే పని. పదో తరగతి ఫలితాలు నిన్న వచ్చాయి. ఇవాళ తెల్లారేసరికి అబిడ్స్ నుంచి నాంపల్లి దాకా ప్రతి స్తంభానికీ పిల్లల ముఖాలు కావలసివచ్చాయి.

పొట్టి మనిషి. గోళ్లు విరిగిన లావు వేళ్లు. కటింగ్ ప్లేయరు నొక్కీ నొక్కీ కుడి అరచేతిలో చర్మం గిట్టలా గట్టిపడింది. బిగించడం అయ్యాక నడుము సంచిలోంచి బ్లేడు తీసి, ఫ్లెక్సీలో అక్కడక్కడ నెలవంకల్లా కోశాడు. అవి గాలి కంతలు. కోయకపోతే ఎండాకాలపు గాలికి ఫ్లెక్సీ పొట్ట ఉబ్బి, తీగలు తెంపుకుని రోడ్డు మీద పడుతుంది. ఎక్కడ కోయాలన్నదానికీ ఒక మర్యాద ఉంది. అక్షరం మీద కోయకూడదు. ముఖం మీద అసలే కోయకూడదు. ఇన్నేళ్లలో రాజనర్సు ఏ పిల్లవాడి ముఖాన్నీ కోయలేదు.

"నీ బిడ్డ ఫోటో ఏడ కడ్తున్నవే అన్నా?" కింద నిచ్చెన పట్టుకున్న అంజన్ అడిగాడు. "గీళ్లకంటె ఎక్వనే వచ్చినయంటివి."

"సర్కారు బడోళ్లకు ఫ్లెక్సీలేందిరా."

"మరి నాకు మిఠాయన్న వెట్టు. లేకుంటె నిచ్చెన ఇడిశిపెడ్త."

రాజనర్సు నవ్వాడు. నిన్న మధ్యాహ్నం నుంచి అతనికి నవ్వు తేలిగ్గా వస్తోంది. కూతురు నవతకు ఆరు వందలకు ఐదు వందల నలభై ఎనిమిది.

బస్తీలో ఎవరూ నమ్మలేదు. "గా పిల్లకా? పరీక్షల పక్కకు ఎవలు కూసున్నరు?" అని ఎదురింటి వెంకటరత్నమ్మ అడిగింది. అతని భార్య శంకరమ్మ బియ్యం చెరగడం ఆపకుండానే, "గోడ కూసున్నది" అంది.

నవత చిన్నప్పటినుంచీ అబిడ్స్ వెనక గల్లీలో ఒక ప్రైవేటు స్కూల్లో చదివింది. ఫెయిల్ కాలేదు, ఫస్టూ రాలేదు. టీచర్లు ఆమె పేరు మరిచిపోయి, "నువ్వే, లే" అనేవారు. తొమ్మిదో తరగతి చివర ఆఫీసుకు రమ్మని కబురు వచ్చింది. ఇన్‌చార్జి భానుతేజ సారు కుర్చీ చూపించలేదు. "మీ పాప యావరేజ్. టెన్తుల మా హండ్రెడ్ పర్సెంట్ ఖరాబైతది. టీసీ తీస్కపోండి" అన్నాడు. రాజనర్సు బల్ల మీద చేతులానించి బతిమాలాడు. బల్ల అద్దం మీద పడిన చెమట ముద్రను ఆ సారు కాగితంతో తుడిచాడు, ఇంకా అతను మాట్లాడుతుండగానే. నవత గుమ్మం దగ్గర నిలబడి అదంతా చూసింది. రోడ్డు మీదకు రాగానే మెడలో టై ఊడదీసి సంచిలో కుక్కుకుంది.

యావరేజ్ అంటే ఏందని ఆ సాయంత్రం రాజనర్సు అంజన్‌ను అడిగితే, "నడిమిట్ల అన్నట్టు. మనలెక్క" అన్నాడు.

నవత నాంపల్లి సర్కారు బడిలో చేరింది. లెక్కల ప్రభావతి మేడమ్ రోజూ బోర్డు దగ్గరికి పిలిచేది. తప్పయితే తుడిచి మళ్లీ చేయమనేది. అంతే. ఇంట్లో రేకుల సందుల్లోంచి వాన కారకుండా రాజనర్సు పాత ఫ్లెక్సీలు కప్పాడు. పడుకుని పైకి చూస్తే ఏనాటివో ర్యాంకుల పిల్లలు, రంగు వెలిసి, తలకిందులుగా. నవత వాళ్ల కిందే చదివింది.

చివరి ఫ్లెక్సీ, వీళ్లకు పని ఇచ్చే ప్రహ్లాద్ సేటు అచ్చు దుకాణం నుంచి ఆలస్యంగా వచ్చింది. ఇంకా రంగు వాసన పోలేదు. నవత పాత స్కూలున్న గల్లీ మొగలో, బస్‌స్టాపుకు ఎదురుగా కట్టాలి. రాజనర్సు పై అంచు బిగించి చుట్టను కిందికి వదిలాడు. ఫ్లెక్సీ మీది ముఖానికి మరీ దగ్గరగా ఉన్నాడు. చుక్కలు చుక్కలుగా ఒక కన్ను, ఒక కనుబొమ్మ మాత్రమే కనిపించాయి. కనుబొమ్మను రెండుగా చీలుస్తూ చిన్న మచ్చ. రెండేళ్ల వయసులో పొయ్యి మీద పడినప్పటిది.

కింద అంజన్ తలెత్తి ఫ్లెక్సీని పైనుంచి కిందిదాకా చూశాడు. తర్వాత, "అన్నా, దిగి సూడు" అన్నాడు.

దిగి చూశాడు. తొమ్మిదో తరగతి ఫోటో. రెండు జడలు, మెడలో ఆ స్కూలు టై. పైన 'మా ఆణిముత్యం' అని ఉంది. కింద నవత పేరు, మార్కులు.

భానుతేజ ఫోన్ పట్టుకుని వచ్చాడు, ఫోటో తీసుకోవడానికి. "జర లెఫ్ట్‌కు గుంజు" అన్నాడు రాజనర్సుతో. గుర్తుపట్టలేదు.

"సార్, గీ పిల్ల ఈయన బిడ్డనే" అన్నాడు అంజన్.

"అట్లనా? మంచిది. అన్నేండ్లు మా తాననే చదివింది. పునాది మాదే గద."

"మీరే ఎల్లగొట్టిన్రు సార్" అన్నాడు రాజనర్సు.

"అది పాత ముచ్చట. పాపకు పేరొస్తది. నీకేం నష్టం చెప్పు?"

అంజన్ గొంతు సవరించుకున్నాడు. "పునాది మీదైతె ఇల్లు కూలగొట్టిందెవలు సార్?"

భానుతేజ వినిపించుకోకుండా ఫోన్ పైకెత్తాడు. రాజనర్సు మళ్లీ నిచ్చెన ఎక్కాడు. బ్లేడు తీశాడు. పాపిడి మీదుగా మొదలుపెట్టి, జడల పక్కనుంచి గడ్డం కిందికి, తొందరలేకుండా, గొర్రెపిల్ల మెడలో తాడు విప్పినట్టు నెమ్మదిగా కోశాడు. టై ముడికి పైన ఆగి, అడ్డంగా తెంపాడు. తర్వాత కిందికి దిగి, పేరూ మార్కులూ ఉన్న చోటును కోసి, ముఖంతో కలిపి చుట్టగా చుట్టి చంకలో పెట్టుకున్నాడు.

"ఏయ్, ఏంజేస్తున్నవ్?"

"గాలి కంత సార్. కొయ్యకుంటె చినుగుతది."

భానుతేజ ప్రహ్లాద్ సేటుకు ఫోన్ చేసి అరుస్తున్నాడు. కాసేపటికి రాజనర్సు జేబులో ఫోన్ మోగింది. తీయలేదు. నడుము సంచి విప్పి, ప్లేయరు, తీగచుట్ట, బ్లేడు అంజన్ చేతికిచ్చాడు.

"నిచ్చెన దుకాణంల అప్పజెప్పు."

"మరి రేపు?"

"రాను."

అంజన్ సంచి వంక చూసి, అతని చంకలోని చుట్ట వంక చూశాడు. "కప్పు మీదికా?"

"గోడకు."

రాజనర్సు నాంపల్లి వైపు బస్సుల మధ్యనుంచి రోడ్డు దాటి, జనంలో కలిసిపోయాడు. గల్లీ మొగలో ఫ్లెక్సీ గాలికి ఉబ్బకుండా నిలబడి ఉంది. మా ఆణిముత్యం అన్న అక్షరాల కింద పెద్ద కంత, అందులోంచి కరెంటు తీగలు, కాస్త ఆకాశం. ఆ కంత కింద, మెడ లేని చోట, ముడి వదలకుండా ఆ స్కూలు టై.