ఎనిమిది అడుగుల గొంతు

నేను ఒక టేపు చుట్టను. కాల్చే చుట్ట కాదు, మాట పట్టే చుట్ట. పొడవు పన్నెండు వందల అడుగులు, పలికితే అరగంట. నా ఒంటికి పూసింది తుప్పు రంగు పొడి. తుప్పు పట్టిన వస్తువును పారేసే మనుషులే తమ మాటలను తెచ్చి ఆ తుప్పు మీద దాచుకుంటారు. నాకేం, ఒకరి మాట దిగితేనే ఇంకొకరి మాట ఎక్కుతుంది. సరుకు కదలకపోతే కొట్టు నడవదన్నది నా లెక్క. ఆ లెక్క ఒక్కసారే తప్పింది.

అనంతపురం వైపు కొత్తగా పెట్టిన విశ్వవిద్యాలయమొకటి, పోస్టులో పాఠాలు తెప్పించుకుని పరీక్షలు రాసేవారి కోసం చిన్న రేడియో స్టేషన్ తెరిచింది. ఇరవై మైళ్ళు దాటితే వినపడేది కాదు. వేరుశనగ విత్తనాలు నిలవచేసిన పాత గిడ్డంగి గోడలకు గోనె సంచులు కొట్టి, దాన్నే స్టూడియో అన్నారు. టేపులం మొత్తం పదకొండు.

తొలి పాఠం నా మీదే పడింది. చెప్పింది వృక్షశాస్త్రం లెక్చరర్ చౌడేశ్వరి. చప్పుడు పడుతుందని ఫ్యాను ఆపేశారు. ఆమె కొంగుతో చెమట తుడుచుకుంటూ, "విత్తనం నిద్రపోతా ఉంటుంది. కదల్లేదని చచ్చిపోయిందనుకోవద్దండి" అని మొదలుపెట్టింది. గొంతులో తొందర లేదు, బెదురు లేదు. పాఠం అయ్యాక, రికార్డింగు నడుస్తోందని చెప్పే ఎర్రదీపం ఆరింది. నేను మాత్రం ఇంకాసేపు తిరుగుతూనే ఉన్నాను.

టేపుల కరువు తట్టుకోవడానికి ఒక ఆనవాయితీ పెట్టింది కూడా ఆమే. ప్రసారమైన టేపు పెట్టె మీద చీటీ అంటించి, "చెరపవచ్చు" అని తన చేత్తోనే రాసేది. యంత్రం చూసుకునే కుళ్ళాయప్ప ఆ చీటీ చూసి, పాత మాట మీదే కొత్త మాట ఎక్కించేవాడు.

"ఏం మేడం, మీ సొంత పాఠాలు గూడా చెరిపేయమంటారే!"

"పిల్లోళ్ళకు చేరింది గదప్పా. ఇంక దాన్ని పెట్టుకొని ఊరగాయ ఏసుకుందామా?"

నన్ను మాత్రం పరీక్షల ముందు మళ్ళీ వేయడానికి చీటీ లేకుండా అరలో ఉంచారు. ఆ సందులో ఆమె దగ్గు ముదిరింది. గిడ్డంగిలో దుమ్ము అన్నారందరూ. ఆమె కూడా నమ్మింది. ఏడాది తిరక్కముందే మద్రాసు డాక్టర్లు, గొంతు తీసేస్తేనే ప్రాణం దక్కుతుందన్నారు.

ప్రయాణానికి ముందురోజు ఒంటరిగా వచ్చింది. కుళ్ళాయప్ప భోజనానికి వెళ్ళాడు. అతని కోసం కాసేపు చూసింది. కానీ తన గొంతు దాచిపెట్టమని ఇంకొకరిని నోరు తెరిచి అడగడానికి ఆమెకు సిగ్గేసినట్టుంది. చీటీ తీసి, ఎన్నడూ రాయని మాట రాసింది: "చెరపవద్దు." పెట్టెకు అంటించి వెళ్ళిపోయింది.

వచ్చు, వద్దు. తేడా ఒక్క అక్షరం. ఇన్నాళ్ళూ అదే చేతిరాతలో అదే మాట చూసిన కుళ్ళాయప్ప, పై వారం చీటీని చూశాడే గాని చదవలేదు. విశ్వవిద్యాలయం వార్షిక నివేదిక నా మీదికెక్కింది. విత్తనం గురించిన మాటలన్నీ ఒక్కొక్క అడుగే నాలోంచి జారిపోతుంటే, వద్దనడానికి నాకు సొంత గొంతు లేదు.

మూడు నెలలకు ఆమె తిరిగి వచ్చింది. మెడకు తెల్లగుడ్డ, చేతిలో పలక. పలక మీద రాసి చూపింది: "మొదటి పాఠం విందామని వస్తి."

ఏ టేపు మీద ఏది ఎక్కించాడో గుర్తుపెట్టుకోని కుళ్ళాయప్ప సంబరంగా నన్ను తీసి యంత్రానికి తగిలించాడు. "గౌరవనీయ సభ్యులారా, గత సంవత్సరం మన ప్రగతి..." అని ఎవరో చదవసాగారు. తప్పు టేపు తీశాననుకుని అతను పెట్టె చూశాడు. ఈసారి అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివాడు. చదివి, నేల మీద కూలబడ్డాడు.

"వచ్చు అనుకొంటి మేడం... వచ్చు అనుకొంటి."

ఆపబోతే ఆమె చెయ్యి అడ్డం పెట్టింది. నివేదిక అంతా విన్నది. భవనాలు, కమిటీలు, కృతజ్ఞతలు. అన్నీ అయిపోయాక, చివరన నాలో ఎనిమిది అడుగులు మిగిలాయి. కొత్త మాట అంతదూరం రాలేదు. ముందొక దగ్గు, ఆ వెనక ఆమె గొంతు:

"నిలిపితివా కుళ్ళాయప్పా? దగ్గు పడిందేమో చూడప్పా."

"ఈ శెనక్కాయల దుమ్ము గదా మేడం."

"పడింటే చెరిపెయ్ నాయనా. పిల్లోళ్ళకు నా దగ్గెందుకు?"

అంతే. ఆమె పలక తుడిచి రాసింది: "మళ్ళా వెయ్యి." వేశాడు. మళ్ళీ అడిగింది, మళ్ళీ వేశాడు. మూడోసారికి ఆ మాటలతో పాటే ఆమె పెదవులు కదిలాయి.

ఇప్పుడు స్టేషన్ మేడల్లోకి మారింది. నన్ను అద్దాల బీరువాలో పెట్టి, ముందు అట్ట నిలబెట్టారు: "మన తొలి పాఠం." వచ్చినవాళ్ళు చూసి వెళతారు; వినిపించమని ఎవరూ అడగరు. ఆమె చీటీ ఇంకా నా పెట్టె మీదే ఉంది. పన్నెండు వందల అడుగుల గొంతు నాకు అప్పగిస్తే, ఎనిమిది అడుగులు నిలిపాను. ఆ ఎనిమిదింటిలోనూ ఆమె అంటున్నది చెరిపెయ్యమనే.