గుత్తకు ఒప్పుకోని పని

మేస్త్రీ గొంతుక్కూర్చుని, ఒక కన్ను మూసి, రెండో కంటితో దారం వెంట చూశాడు. ఈ చివర మేకు నుంచి ఆ చివర మేకు దాకా దారం బిగుతుగానే ఉంది. అయినా లేచి వెళ్లి వేలితో మీటాడు. మీటాక కూడా నమ్మకం కుదరలేదు. రాత్రి ఆవు ఏదైనా వచ్చి తొక్కి ఉండొచ్చు. లేదా పనివాళ్లలోనే ఎవరో కాలు తగిలించి, మేకు మళ్లీ పాతేసి, ఏమీ ఎరగనట్టు ఊరుకుని ఉండొచ్చు. మేకు పీకి, కొలిచి, ఉన్నచోటనే మళ్లీ పాతాడు. అప్పుడు గానీ స్తంభాల దగ్గరికి నడవలేదు.

మనిషి పొట్టి. బతుకంతా దారాల వెంట చూసీ చూసీ మెడ కాస్త కుడివైపుకు వాలిపోయింది. మూసే కంటి చుట్టూ ముడతలు ఎక్కువ, తెరిచే కంటి చుట్టూ తక్కువ. కుడిచెయ్యి భుజం దాటి పైకి లేవదు. వయసులో ఉన్నప్పుడు ఒక పెద్ద మేస్త్రీ "ముడి నేను చూశాను, ఎక్కు" అంటే నమ్మి పరంజా ఎక్కాడు. ముడి జారింది. ఆ తరవాత అతను ఇంకొకరు వేసిన ముడిని నమ్మలేదు, ఇంకొకరు పట్టిన మట్టాన్ని నమ్మలేదు. రానురాను ముడుల దగ్గరా మట్టాల దగ్గరా ఆగాల్సిన అపనమ్మకం మనుషుల దాకా పాకింది. ఇంటి తలుపుకి గొళ్లెం వేసి వీధి చివరిదాకా వెళ్లి, వెనక్కొచ్చి లాగి చూసుకునే రకం. వెనకాల అందరూ అనుమానం మేస్త్రీ అంటారని అతనికి తెలుసు. ఎవరు మొదలుపెట్టారో కూడా అతనికి ఒక అనుమానం ఉంది.

పని ఒక పాలావిడది. పోయిన వానలకి ఆరుబయట వేసిన గడ్డివామి మొత్తం కుళ్లి, పశువులు మూతి తిప్పుకున్నాయట. ఈసారి వానలు పడేలోపు పశువుల కొట్టం వెనక ఖాళీ జాగాలో గుంజల షెడ్డు వేయించాలని పట్టుబట్టింది. గోడలుండవు. కర్ర స్తంభాలు పాతి, పైన దూలాలు, వాసాలు, వాటి మీద రేకులు. గాలి ఆడాలి, వాన పడకూడదు, ట్రాక్టరు వెనక్కి తిరగాలి. అంతే.

చూడ్డానికి అంతే. కానీ దాని వెనక లెక్క మేస్త్రీది. బేరానికి వచ్చినరోజు ఆవిడ వాకిట్లోనే పుల్లతో నేల మీద గీసి చూపించాడు. గుంటలు తవ్వడానికి ఇంతమంది, స్తంభాలు నిలబెట్టేరోజు అదనంగా ఇంతమంది, సిమెంటు గట్టిపడేదాకా ఎవరినీ పిలవకూడదు, పిలిస్తే కూర్చోబెట్టి కూలి ఇచ్చినట్టే.

"కర్ర ధర ఎవడైనా చెప్తాడమ్మగారూ. మనిషి ధర చెప్పడమే కష్టం. ఎండ మండితే ఒక లెక్క, జ్వరమొస్తే ఒక లెక్క, పొద్దున్నే పెళ్లాంతో పోట్లాడొస్తే ఇంకో లెక్క" అన్నాడు.

ఆవిడ నవ్వింది. అక్కడిదాకా బాగానే ఉంది. పేచీ ఆ తరవాత మొదలైంది.

మేస్త్రీ ఏ పనైనా గుత్తకే ఒప్పుకుంటాడు. మొత్తం పనికి ఒకటే మాట. త్వరగా తెమిలితే మిగిలేది తమకి, సాగితే నష్టమూ తమకే. బావమరిది పక్కనుంటే గుత్తకి మించిన బేరం లేదు. బావమరిదిని అందరూ గునపం అనేవారు. గునపం పట్టాడంటే నేల తనంతట తనే దారి ఇచ్చినట్టుండేది. పెళ్లీ పెటాకులూ లేవు. అక్క కాపురానికి వచ్చిన ఏడాది చూడ్డానికని వచ్చి, వెనకగదిలో చాప పరుచుకున్నవాడు మళ్లీ చుట్టలేదు. బావ చెయ్యి పైకి లేవదు కాబట్టి తల పైన చేయాల్సిన పనులన్నీ అతనివే. తవ్వడం, ఎక్కడం, కట్టడం అతను. చూడడం, తప్పు పట్టడం మేస్త్రీ.

అలాంటి గునపం ఈసారి పాలావిడ ఎదురుగానే నోరు విప్పాడు. "వద్దు బావా, గుత్త వద్దు. రోజుకూలీకే చేద్దాం" అన్నాడు.

మేస్త్రీ తెల్లబోయాడు. అంతకంటే తెల్లబోయే సంగతి ఇంకోటి జరిగింది. పాలావిడ మారుమాట లేకుండా ఒప్పేసుకుంది. రోజుకూలీ అంటే పనివాళ్లు సాగదీస్తారేమోనని భయపడని ఆసామిని మేస్త్రీ తన జన్మలో చూడలేదు. బేరం ఆడేవాళ్లని నమ్మొచ్చు. ఆడనివాళ్లని ఎలా నమ్మడం? వాళ్లిద్దరూ ముందే మాట్లాడుకున్నారు. ఏం మాట్లాడుకున్నారు? ఆ ముల్లు అప్పటినుంచీ అరికాల్లోనే ఉంది.

ముల్లుకి తోడు ఇంకా చాలా కనిపించాయి. పోయిన నెల అక్కాతమ్ముళ్లిద్దరూ చుట్టాలింటికని చెప్పి వెళ్లి, పొద్దు వాలకముందే తిరిగొచ్చారు. చేతిలో ఒక్క పండు కూడా లేదు. ఏ చుట్టాలు ఒట్టి చేతులతో పంపుతారు? ఇక పనిలోకి దిగాక గునపం తీరే మారింది. రెండు పోట్లు పొడిచి గునపం మీద గడ్డం ఆనించి నిలబడతాడు. దగ్గరికెళితే వంగుతాడు. నీళ్లకని వెళ్లి ఎంతకీ రాడు. రోజుకూలీ ఎందుకు కావాలన్నాడో మేస్త్రీకి ఇక తెలిసినట్టే అనిపించింది. సాగదీయడానికి. ఎవరి కోసం? పని సగంలో ఉండగా బావని పక్కకి తప్పించి, మిగతాది తనే సొంతంగా పట్టుకోవడానికి.

ఈ ఉదయం దారం సరిచూసి తలెత్తేసరికి, గునపం కొట్టం గడప దగ్గర పాలావిడతో మాట్లాడుతున్నాడు. ఆవిడ చేతిలో పాలచెంబు అలాగే ఉంది. తల అడ్డంగా ఊపుతోంది. అతనేదో బతిమాలుతున్నాడు. మేస్త్రీ చూపు తగలగానే ఇద్దరూ మాట ఆపేశారు. గునపం తేలు కుట్టిన దొంగలా అటు తిరిగి పార అందుకున్నాడు.

"ఏంటంట?" అని అడిగాడు మేస్త్రీ.

"ఏముంది, వానలొస్తాయా అని అడుగుతోంది."

"నువ్వేమన్నావు?"

"రాకపోతే మనకి పనెక్కడిది అన్నాను."

జవాబు నున్నగా ఉంది. నున్నగా ఉన్న చోటే కాలు జారుతుంది. మేస్త్రీ వెళ్లి ఆ రోజు నిలబెట్టాల్సిన స్తంభాలకి అడుగున పూసిన తారు గోటితో గీకి చూశాడు. సిమెంటు కలిపే మొగుడూ పెళ్లాలు ఒకరినొకరు చూసుకుని నవ్వు దాచుకున్నారు. స్తంభం లేపేటప్పుడు మాత్రం ఎవరికీ నవ్వు రాలేదు. మొగుడూ పెళ్లాం తాడు లాగితే, గునపం మొదలు పట్టి గుంటలోకి దించాడు, మేస్త్రీ తూకపు గుండు వేలాడేసి కన్ను మూశాడు. "అటు... ఇంకా... చాలు, చాలు, ఇటు కొంచెం." స్తంభం నిలబడింది. గునపం దాన్ని రెండు చేతులా కావలించుకుని, నుదురు కర్రకి ఆనించి ఉండిపోయాడు. మట్టి పోసి దట్టించాక కూడా వదల్లేదు.

"పెళ్లి చేసుకుంటావా దాన్ని?" అంది సిమెంటు కలిపే ఆవిడ.

"కట్నం అడగదు, ఎదురు చెప్పదు, నిలబడమంటే నిలబడుతుంది. ఇంతకంటే మంచి సంబంధం ఎక్కడ దొరుకుతుంది?" అన్నాడు గునపం. అందరూ నవ్వారు. మేస్త్రీ నవ్వలేదు. ఆ కాసేపూ కూలి పడుతూనే ఉందని అతని లెక్క.

మధ్యాహ్నం అన్నాలకి, పైకప్పు కోసం తెచ్చి పేర్చిన రేకుల దొంతర నీడలో కూర్చున్నారు. భార్య ఇచ్చిన సంచిలో రెండు టిఫిన్ డబ్బాలున్నాయి. కొన్నాళ్లుగా ఇదీ ఒక వింతే. ఇదివరకు ఇద్దరికీ ఒకటే పెద్ద డబ్బా వచ్చేది. ఇప్పుడు తమ్ముడి డబ్బాకి గుర్తుగా పిడికి ఎర్రదారం కడుతోంది. తోడబుట్టినవాడికి మంచి కూర, కట్టుకున్నవాడికి మిగిలిన కూర కాబోలు అనుకున్నాడు మేస్త్రీ. గునపం చేతులు కడుక్కోవడానికి వెళ్లిన అదను చూసి, ఎర్రదారం డబ్బా తెరిచి ఇంత నోట్లో వేసుకున్నాడు. చప్పిడి. ఉప్పన్నదే లేదు. తన డబ్బా తెరిచి చూశాడు. అదే కూర, సరిపడా ఉప్పుంది.

మతి పోయింది. మంచి కూర పెట్టి ఉంటే కోపం తెచ్చుకునేవాడు. ఉప్పు లేని కూర పెట్టడంలో మోసం ఎక్కడుందో ఎంత వెతికినా అంతు చిక్కలేదు. అంతు చిక్కని మోసం మరీ పెద్దదై ఉంటుందనుకున్నాడు.

గునపం వచ్చి కూర్చుని, మూత సరిగ్గా లేకపోవడం చూశాడు. నాలుగు ముద్దలు తిని డబ్బా మూసేశాడు.

మేస్త్రీ ఇక ఆగలేకపోయాడు. "ఏరా, నా వెనకాల ఏం నడుపుతున్నావు?"

గునపం అతని వైపు చూసి మెల్లిగా నవ్వాడు. "నీ వెనకాల నడవడానికే ఊపిరి చాలట్లేదు బావా. ఇంకేం నడుపుతాను?"

"మాటలు నేర్చావు."

"నీ దగ్గరే కదా. అన్నీ నీ దగ్గరే."

లేచి, చివరి వరసలో మిగిలిపోయిన గుంట వైపు వెళ్లాడు. మేస్త్రీ ఆ నడకని కూడా కొలిచాడు. తిన్నగానే ఉంది, కానీ తొందర లేదు.

మధ్యాహ్నపు ఎండ ఇంకా తగ్గకముందే చివరి గుంట దగ్గర చప్పుడు ఆగిపోయింది. మేస్త్రీ తూకపు గుండు చుట్టి జేబులో వేసుకుని కాసేపు చెవి ఒగ్గాడు. చప్పుడు లేదు. ఆఖరికి దొరికాడు అనుకున్నాడు. చెప్పులు విప్పి చేత పట్టుకుని, అడుగుల సడి వినపడకుండా రేకుల దొంతర చుట్టూ తిరిగి వెళ్లాడు. గునపం దొంతరకి వీపు ఆనించి, కాళ్లు చాపి కూర్చుని ఉన్నాడు. గడ్డం రొమ్ము మీద ఆనుకుని ఉంది. రెండు చేతులూ ఒళ్లో, అరచేతులు పైకి.

మేస్త్రీ అలాగే నిలబడ్డాడు. ఎన్నాళ్లుగానో వెతుకుతున్నది కళ్లెదుట దొరికింది కదా, తొందరపడి పోగొట్టుకోవాలనిపించలేదు. ఏమనాలో మనసులో సిద్ధం చేసుకున్నాడు. "కూలి పడుతోంది, నిద్రపో నాయనా, నిద్రపో" అన్నాడు.

ఒక ఈగ వచ్చి గునపం పెదవి మీద వాలింది. వాలి, అటూ ఇటూ నడిచింది. అతను దాన్ని తోలలేదు.

మేస్త్రీ చేతిలోంచి చెప్పులు జారిపోయాయి.

పాలావిడ పాల క్యాన్లు దింపించి బండి తీసింది. ఆసుపత్రిలో డాక్టరు ఎక్కువసేపు చూడలేదు. గుండె ఆగిపోయిందని చెప్పి, "ఏం మాత్రలు వాడుతున్నాడు?" అని అడిగాడు.

"మాత్రలా? ఏమీ లేవండి. ఇనప గుండు లాంటివాడు" అన్నాడు మేస్త్రీ.

"వాడుతున్నాడు" అంది వెనక నుంచి పాలావిడ.

మేస్త్రీ వెనక్కి తిరిగాడు.

నడవలో బల్ల మీద కూర్చోబెట్టి ఆవిడే చెప్పింది. బేరానికి ముందురోజే గునపం ఒక్కడే వచ్చాడట. గుండె బాగా లేదు, బరువు పని మానమన్నారు, మానితే ఏం చేయాలో తెలియదు అన్నాడట. గుత్తకైతే తన నెమ్మది వల్ల మిగతావాళ్ల కూలి తెగుతుంది, రోజుకూలీకైతే తెగదు, తనకి మాత్రం సగం కూలి ఇస్తే చాలు, మీకూ నష్టం ఉండదు అన్నాడట. బావకి చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాడట.

"పొద్దున కూడా చెప్పాను మేస్త్రీ, నువ్వు ఊరికే నీడలో కూర్చో, పూర్తి కూలి ఇస్తానని. ఊరికే కూర్చుంటే బావ కనిపెట్టేస్తాడన్నాడు."

మేస్త్రీ వింటూనే ఆవిడ మొహం వంక ఒక కన్ను చిన్నది చేసి చూశాడు. చచ్చినవాడు వచ్చి కాదనడు కదా. సగం కూలి ఎగ్గొట్టడానికి కాదు కదా ఈ కథ? ఆ ఆలోచన వచ్చినందుకు ఆ క్షణాన తన మీద తనకే రోత పుట్టింది. అయినా అది పోలేదు. ఇంటికెళ్లేదాకా బండిలో పక్కనే కూర్చుని వచ్చింది.

భార్య ఏడుస్తూ తమ్ముడి కాళ్ల దగ్గర కూలబడింది. చుట్టుపక్కలవాళ్లు వచ్చి, వెళ్లి, మళ్లీ వచ్చారు. కాస్త సందు దొరికినప్పుడు మేస్త్రీ వంగి మెల్లిగా అడిగాడు. "నీకు తెలుసా?"

"తెలుసు. ఆసుపత్రికి నేనే తీసుకెళ్లాను. చుట్టాలింటికని చెప్పి."

"నాకెందుకు చెప్పలేదు?"

ఆమె కళ్లు తుడుచుకుని అతని వైపు చూసింది. అందులో కోపం కూడా లేదు. "చెప్తే నమ్మేవాడివా? పని ఎగ్గొట్టడానికి వేషాలేస్తున్నాడు అనేవాడివి. వాడే అన్నాడు. 'బావ నమ్మకపోతే తట్టుకోలేను అక్కా, నమ్మి పనికి రానివ్వకపోయినా తట్టుకోలేను' అన్నాడు."

మేస్త్రీ నోరు తెరిచాడు. కాదనడానికి ఒక్క మాట కావాలి. బతుకంతా వెనక్కి తిరిగి వెతికాడు. దొరకలేదు.

కాసేపటికి, పనిముట్లు బయటే పడి ఉన్నాయని ఎవరితోనో చెప్పి లేచాడు. అటువంటి వేళ పనిముట్లేమిటని ఎవరూ అడగలేదు. అందరికీ అతను తెలుసు.

వెళ్లేసరికి ఇంకా వెలుతురుంది. నిలబెట్టిన స్తంభాలు వరసలో ఉన్నాయి. అలవాటుగా కన్ను మూయబోయి, మానేశాడు. రెండు కళ్లతోనూ చూశాడు. అలా చూస్తే అన్నీ కొంచెం కొంచెం ఒరిగినట్టే ఉన్నాయి, అన్నీ బాగానే ఉన్నాయి కూడా. పారలు, తాళ్లు, గునపం ఒకచోట చేర్చాడు. చివరి గుంట దగ్గరికి వచ్చి అంచున బోర్లా పడుకుని లోపలికి తొంగిచూశాడు. గుంట నిటారుగా, గోడలు చెక్కినట్టు ఉంది. సగంలో వదిలేసిన పని కాదది, దాదాపు అయిపోయిన పని. ఎడమచెయ్యి లోపలికి చాచాడు. భుజం దాకా దించినా అడుగు అందలేదు.

అడుగున, లోతు గుంటల్లోంచి మట్టి తోడడానికి గునపం వాడే పాత రేకు డబ్బా ఒకటి, అతని వేళ్లు పట్టేచోట నొక్కుకుపోయి, నిండా తడిమట్టితో ఉంది.