జుస్సారాకు భయమేస్తే వచ్చే ముఖం

బెలేం నగరంలో గ్వమా పేట చివర, కాలవ మీద కర్రలు పాతి చెక్కలు పరిచిన ఒక సందులో జుస్సారా అసాయీ పళ్ల గుజ్జు అమ్ముతుంది. తెల్లవారుతూనే రేవుకు పోయి, పడవలవాళ్లతో గొంతు చించుకుని బేరమాడి రెండు బుట్టల పళ్లు తెచ్చుకుంటుంది. వాటిని గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, మిషన్లో పోసి, చిక్కటి ఊదారంగు గుజ్జు తీస్తుంది. పదిన్నరకల్లా గుమ్మానికి ఎర్రజెండా కడుతుంది. జెండా ఉంటే సరుకు ఉన్నట్టు, దించేస్తే అయిపోయినట్టు. మధ్యాహ్నం భోజనంలోకి చేప, కర్రపెండలం పిండి, అసాయీ లేనిదే ఆ పేటలో ముద్ద దిగదు కనుక పన్నెండున్నరకల్లా జెండా దిగిపోతుంది. ఆ తర్వాత వాన. ఆ ఊళ్లో మధ్యాహ్నం వాన పడకపోతే జనం ఆకాశంకేసి అనుమానంగా చూస్తారు. ఎప్పుడొస్తావని ఎవరినైనా అడిగితే వాన ముందనో, వాన తర్వాతనో చెబుతారు. గడియారం ఎవరూ చూడరు.

జుస్సారాకు యాభై మూడేళ్లు. ఆమె సంగతొకటి సందులో చిన్నపిల్లలకు కూడా తెలుసు. నిజంగా భయమేస్తే ఆమెకు తల్లి ముఖం వస్తుంది. తల్లి దోనా ఒతీలియా పోయి పంతొమ్మిదేళ్లయింది. ఆవిడను సాగనంపి వచ్చిన సాయంత్రం పక్కింటి కొబ్బరిచెట్టు మీద పిడుగు పడినప్పుడు ఆ ముఖం మొదటిసారి వచ్చింది. వెడల్పు ముక్కు, సన్నటి పైపెదవి, ఎడమ కనుబొమ్మ కింద పుట్టుమచ్చ, అంతా ఆవిడే. భయం తగ్గాక గడ్డం దగ్గర్నుంచి మెల్లగా జుస్సారా ముఖం తిరిగొస్తుంది. సందులోవాళ్లు మర్యాద తప్పరు. ముందు "బాగున్నారా దోనా ఒతీలియా?" అని పలకరించి, ఆ తర్వాతే "ఏమైందే జుస్సారా, కుక్క వెంటపడిందా?" అని అడుగుతారు.

పక్కింటి నెయ్డె నోరు ఊరుకోదు. జుస్సారా కూతురి జ్ఞానస్నానానికి తల్లిగా నిలబడింది ఆవిడే, అందుకని ఇద్దరూ వదినా వదినా అనుకుంటారు.

"ఉండు వదినా, అప్పుడే మారిపోకు. మీ అమ్మ మా ఇంటి నుంచి జల్లెడ పట్టుకుపోయి ఇవ్వనేలేదు. అదేదో ఇప్పుడే తేల్చుకుంటా" అనేది.

ఆ సందులో పదకొండుమంది ఆడవాళ్లు ఏడాదంతా కొంచెం కొంచెం దాచుకుని, అక్టోబరులో మాత పండగ ముందు పంచుకునేవాళ్లు. పండగనాటి బాతు కూర, పిల్లల బట్టలు, వచ్చిన చుట్టాల మర్యాదలు అన్నీ ఆ డబ్బుతోనే. దాచేది జుస్సారా. మొన్నటిదాకా ఆమె మంచం కింద పాలపొడి డబ్బాలో ఉండేది. ఒకసారి కాలవ పొంగి డబ్బా ఇల్లు దాటి తేలుకుంటూ పోయింది. దొరికేసరికి సగం నోట్లు ముద్దయిపోయాయి. దాంతో పంచాయితీ పెట్టారు.

"ఇంకా డబ్బాలేంటే? నిమ్మకాయలమ్మేవాడు కూడా చిల్లర వద్దు, ఫోన్లో పిక్స్ కొట్టమంటున్నాడు. గుళ్లో కానుకల పెట్టె మీద కూడా కోడ్ అంటించారు. ఫోన్లో పెట్టు" అంది నెయ్డె.

"ఫోన్లో పెడితే ఎక్కడుందో కనబడదు కదా వదినా."

"కనబడకపోతేనే మంచిది. నీకు కనబడేది దొంగకీ కనబడుతుంది."

ఆ మాట అందరికీ నచ్చింది, జుస్సారాకు తప్ప. కానీ పదిమంది ఒక మాట మీదుంటే తనొక్కతే ఏం చేస్తుంది? బ్యాంకువాళ్ల యాప్ పెట్టించుకుంది. పెద్ద మొత్తం పంపాలంటే ముఖం చూపించాలన్నారు. ఆ రోజు మనవరాలు పుట్టిందని కబురొచ్చింది, ఆ సంబరంలో ఉన్న ముఖాన్నే ఫోను గుర్తుపెట్టుకుంది.

సెప్టెంబరులో ఒక మంగళవారం జెండా దించి, మిషను కడిగి, అప్పుడే కూర్చుంది. రేకుల మీద వాన దంచుతోంది. ఫోను మోగింది.

"దోనా జుస్సారా గారేనా? నా పేరు గుస్తావో. మీ బ్యాంకు భద్రతా విభాగం నుంచి మాట్లాడుతున్నా. ఇక్కడే, మన బెలేం బ్రాంచిలో ఉంటాను. మీ వివరాలు ఒకసారి సరిచూసుకుందామా? తల్లి పేరు ఒతీలియా. అవునా?"

తల్లి పేరు వినగానే జుస్సారా నమ్మేసింది. ఆసుపత్రికి వెళ్లినా, కరెంటాఫీసుకు వెళ్లినా, ఏ కిటికీ దగ్గరైనా ముందు అడిగేది తల్లి పేరే. అది చెప్పగలిగినవాడు బయటివాడెలా అవుతాడు?

"అవును బాబూ."

"కంగారు పడకండి. మీ ఖాతాలోకి ఎవరో దూరారు. మనం మాట్లాడుతుండగానే డబ్బు లాగుతున్నారు. పది నిమిషాల్లో మొత్తం భద్రమైన ఖాతాకు మార్చెయ్యాలి. ఫోను పెట్టెయ్యొద్దు. ఎవరికీ చెప్పొద్దు, పక్కింటివాళ్లే దొంగలైన కేసులు బోలెడు చూశాను."

తన డబ్బయితే జుస్సారా ఏడ్చి ఊరుకునేది. ఇది పదకొండు ఇళ్ల డబ్బు. నెయ్డె ఈసారి తన వాటాతో కట్టుడు పళ్లు పెట్టించుకోవాలని ఏడాదిగా నవ్వడం కూడా వాయిదా వేసుకుంది. పోయిందంటే ఎవరు నమ్ముతారు? తనే తినేసిందంటారు. ఈ సందులో మళ్లీ జెండా కట్టగలనా అనుకుంది, ఒళ్లంతా ముచ్చెమటలు పోసింది. అతను చెప్పిన చోటల్లా నొక్కింది. చివరికి ముఖం చూపించమని తెర మీద గుండ్రటి గీత వచ్చింది. చూపించింది.

ముఖం సరిపోలలేదు, అంది ఫోను.

"దీపం దగ్గరికి వెళ్లండి" అన్నాడు అతను.

వెళ్లింది. మళ్లీ సరిపోలలేదు. ఇంకొక్కసారి తప్పితే ఖాతా మూసుకుపోతుందని ఎర్ర అక్షరాలతో వచ్చింది.

"ఏం కనబడుతోందమ్మా తెర మీద?"

"మా అమ్మ."

"ఆవిడ్ని కాస్త పక్కకు జరగమనండి."

"ఆవిడ లేదు బాబూ, పోయింది. నాకు భయమేసింది, అందుకని వచ్చింది."



"అలాగా. భయం తగ్గితే వెళ్లిపోతుందా?"

"వెళ్లిపోతుంది."

"అయితే ముందు భయం తగ్గించుకుందాం. కూర్చోండమ్మా. ఒక గ్లాసు నీళ్లు తాగండి. నేనున్నాగా, మీ డబ్బు ఎక్కడికీ పోదు."

అతని గొంతు మారిపోయింది. అంత మెత్తగా ఆమెతో ఎవరైనా మాట్లాడి ఎన్నాళ్లయిందో. తనకూ తల్లి ఉందన్నాడు, ఆవిడకూ చీటికీమాటికీ గుండె దడేనన్నాడు. పొద్దున్న ఏం తిన్నారని అడిగాడు. ఇంట్లో పిల్లలున్నారా అంటే మనవరాలి సంగతి చెప్పింది, పళ్లొచ్చాయా అని అడిగాడు. జుస్సారా నీళ్లు తాగింది, ఇంకా కబుర్లు చెప్పింది, తనకు తెలియకుండానే ఒకసారి నవ్వింది కూడా. తెరలో చూసుకుంటే గడ్డం తనదే. పెదవులు తనవే. ముక్కు సన్నబడుతోంది. పుట్టుమచ్చ ఒక్కటే ఇంకా పూర్తిగా పోలేదు.

"అద్గదీ. ఇంకొంచెం. ఇప్పుడు మధ్యలో ఎవరూ రారు కదా?"

"మా వదిన నెయ్డె వస్తుంది. వాన తర్వాత."

"వాన తర్వాతంటే ఎన్నింటికి?"

జుస్సారా జవాబు చెప్పబోయి ఆగింది. రేకుల మీద పడుతున్న మోతకు తన మాట తనకే సరిగా వినబడటం లేదు. ఊరు ఊరంతా తడిసి ముద్దవుతోంది. బెలేంలో కూర్చున్న మనిషి ఎవడైనా ఆ మాట అడుగుతాడా?

"బాబూ, నీ దగ్గర వాన పడట్లేదా?"

"ఇక్కడా... కిటికీలు మూసి ఉన్నాయమ్మా. అవన్నీ ఎందుకు, ఫోను ముఖం ముందు పెట్టండి. త్వరగా!"

అప్పుడు అర్థమైంది. ఖాతాలోకి దూరిన దొంగ వేరే ఎక్కడా లేడు. ఇంతసేపూ తనకు నీళ్లు తాగమని చెప్పింది వాడే, మనవరాలి పళ్ల గురించి అడిగింది వాడే. ఆమె పై ప్రాణాలు పైనే పోయాయి. చేతిలో ఫోను అప్పటికే ముఖం ముందు ఉంది, గుండ్రటి గీత తిరుగుతోంది. ఆ గీతలో ముక్కు వెడల్పయింది, పెదవి సన్నబడింది, పుట్టుమచ్చ నల్లగా తేలింది. సరిపోలలేదు, ఖాతా మూసేశాం, బ్రాంచికి రండి, అంది ఫోను.

"ముసలిదానా! నీ ఇల్లు నాకు తెలుసే. చెక్కల సందు, పదిహేడో నంబరు, నీలం తలుపు. రానా?" అని అరిచి వాడు పెట్టేశాడు.

వాన వెలిశాక నెయ్డె వచ్చి గుమ్మంలో నిలబడింది. "బాగున్నారా దోనా ఒతీలియా" అని నవ్వబోయి, ఆ ముఖం చూసి నవ్వు మానేసి, వచ్చి గట్టిగా పట్టుకుంది.

తల్లి ముఖం ఆ రోజు పోలేదు. ఆ వారమూ పోలేదు. చెక్కల మీద ఎవరి అడుగు చప్పుడైనా, ఎవరి ఫోను మోగినా జుస్సారా ఉలిక్కిపడేది. నీలం తలుపుకు తెల్లరంగు వేసింది, అయినా నిద్రపట్టలేదు. ఫోను పిండి డబ్బాలో దాచింది. అసాయీ కొనేవాళ్లు రోజూ దోనా ఒతీలియా చేతి నుంచి గిన్నెలు అందుకున్నారు, రుచిలో తేడా ఏమీ లేదన్నారు.

"డబ్బయితే భద్రంగా ఉంది కదా వదినా" అంది నెయ్డె ఒకరోజు.

"చాలా భద్రంగా ఉంది. దొంగకీ రాదు, మనకీ రాదు."

పండగ ఇంకో వారం ఉందనగా మిగతా పదిమందీ కలిసి ఆమెను బ్యాంకుకు తీసుకెళ్లారు. కౌంటర్లో అమ్మాయి గుర్తింపు కార్డులో ఫోటో చూసి, మనిషిని చూసింది.

"ఖాతాదారు ఈవిడ కాదు కదండీ."

"ఈవిడే తల్లీ. భయంలో ఉంది, అంతే" అంది నెయ్డె.

"నాకు అర్థమైందండీ. సిస్టం ఒప్పుకోదు. ఫోన్లో ముఖం సరిపోతేగానీ తెరుచుకోదు. భయం తగ్గాక రండి."

బెంచీల మీద కూర్చున్నారు. ఒకావిడ జోకులు చెప్పింది. ఒకావిడ వీపు నిమిరింది. ఇంకొకావిడ ఇంటి నుంచి తెచ్చిన రొట్టె తినిపించింది. గంట గడిచింది. ఎంతమంది తనవంక ఆశగా చూస్తే జుస్సారాకు అంత వణుకు పుట్టింది. చివరికి నెయ్డె లేచింది.

"పోనీలే వదినా. ఇన్నాళ్లు లేని పళ్లు ఇప్పుడు లేకపోతే ఏం? పద ఇంటికి."

జుస్సారా లేవలేదు. ఫోన్లో తల్లిని చూస్తూ ఉండిపోయింది. ఆ కళ్లు బెదిరిపోయి ఉన్నాయి, కింద నల్లటి వలయాలు. బతికుండగా దోనా ఒతీలియా దేనికీ బెదిరిన మనిషి కాదు. కాలవ పొంగితే కూతుర్ని భుజాన వేసుకుని మొలలోతు నీళ్లలో నడిచింది, తాగొచ్చిన మొగుణ్ణి గరిటెతో తరిమింది. అలాంటిదాన్ని పంతొమ్మిదేళ్లుగా కుక్కలకీ పిడుగులకీ పిలిచి పిలిచి, తను పడాల్సిన భయమంతా ఆవిడ మీదే వేసింది. జుస్సారాకు సిగ్గేసింది. దుఃఖం ముంచుకొచ్చింది.

"అమ్మా, ఇక చాలే. నా భయం నాకిచ్చెయ్. నువ్వెళ్లి పడుకో" అంది ఫోనుతో.

తెరలోని ముఖం ఆమెను చాలాసేపు చూసింది. గడ్డం మారింది. పెదవులు, ముక్కు మారాయి. అన్నిటికన్నా ఆఖరున, వెళ్లలేక వెళ్లినట్టు, పుట్టుమచ్చ పోయింది. జుస్సారాకు భయం మాత్రం రవ్వంత కూడా తగ్గలేదు.

సరిపోలింది, అంది ఫోను.

డబ్బు పంచుకున్నారు. ఇళ్లలో బాతులు ఉడికాయి. మాత ఊరేగింపులో నెయ్డె కొత్త పళ్లన్నీ కనబడేలా కనబడినవాళ్లందరికీ నవ్వి చూపించింది. జుస్సారా కూడా మాత రథం తాడు పట్టుకుని నడిచింది, జనం తోపులాటలో కిందపడి, తొక్కేస్తారని హడలిపోయింది. లేవదీసిన నెయ్డె ఆమె ముఖంలోకి చూసి, పలకరించబోయి, ఊరుకుంది. ఇంటికొచ్చి అద్దం చూసుకుంటే అందులో తనే ఉంది. తెల్లబోయిన, ఒంటరి, యాభై మూడేళ్ల ముఖం. తల్లి పోయినరోజు కూడా జుస్సారా అంత ఏడవలేదు.

జనవరిలో పదకొండుమందీ మళ్లీ పొదుపు మొదలుపెట్టారు. డబ్బాలో పెడదామని జుస్సారా ఎంత చెప్పినా ఎవరూ వినలేదు. దొంగ చేతిదాకా వెళ్లి కూడా పోని డబ్బు ఇంకెక్కడికి పోతుందన్నారు.

ఒక పొద్దున పళ్లు నానబెడుతుంటే ఫోను మోగింది. తెలియని నంబరు. ఆమె కదల్లేదు. మోగి మోగి ఆగింది, వెంటనే మళ్లీ మోగింది, మళ్లీ ఆగింది. ఎవరో చూద్దామని, ఊదారంగు పట్టిన వేళ్లతో ఫోను చేతిలోకి తీసుకుంది. నల్లటి తెరలో ఆమె సొంత ముఖమే కనబడింది, కళ్లు విప్పారి, పెదవులు పాలిపోయి. ఫోను ఆ ముఖాన్ని చూసింది. ఏమీ అడక్కుండా తెరుచుకుంది.