అరచెయ్యంత గౌను

తడి గుడ్డ వాసన.
దాని మీద ఇస్త్రీ పెట్టె తగిలితే లేచే వెచ్చటి ఆవిరి...
బయట వాన. పొద్దుటి నుంచీ వానే.

ఆమె కుట్టు మిషను ముందు కూర్చుంది. కూర్చుంది, అంతే. చెయ్యి కదలడం లేదు.

సంఘంలో అందరూ ఆమెను కొలతలమ్మ అంటారు. ఆమెకు టేపుతో పని లేదు. మనిషిని ఒక్కసారి ఎగాదిగా చూస్తే చాలు, భుజం ఎంతో, చెయ్యి ఎంతో చెప్పేస్తుంది. పాస్టరు గారు ప్రసంగం చేస్తుంటే ఈవిడ మాత్రం పాటల బృందంలో ఎవరి చొక్కా భుజం దగ్గర జారిందో చూస్తూ కూర్చుంటుందని ఆడవాళ్ళు ఆటపట్టిస్తారు. నిజమే మరి. కాదని ఆమె ఏనాడూ అనలేదు.

ప్రార్థన కూటంలో వంతు వస్తే రెండు ముక్కలు చెప్పి కూర్చునేది. మాటలు రావు ఆమెకు.
వచ్చింది కుట్టు ఒక్కటే.

అందుకే కుట్టేది.

ఊపిరి పోసుకోకుండానే పోయిన పిల్లలకు కుట్టేది. అంత చిన్న బట్టలు ఏ కొట్లోనూ దొరకవు. ఆసుపత్రిలో దొరికిన గుడ్డ ఏదో చుట్టి ఇచ్చేసేవాళ్ళు. ఒకసారి అది కళ్ళారా చూసింది. చూశాక ఊరుకోలేకపోయింది. అప్పటి నుంచీ నర్సు ఫోను చేసి, "అమ్మా, నా అరచెయ్యంత ఉంది" అనేది. అదే కొలత. ఎవరి బిడ్డో ఈమె అడిగేది కాదు. మెత్తటి తెల్లగుడ్డ కత్తిరించి, కుట్టి, ఇస్త్రీ చేసి, వార్డు తలుపు దగ్గర ఇచ్చేసి వచ్చేది.

ఎవరికీ చెప్పలేదు. చెప్పుకునే సంగతా అది?

ఈ ఉదయం కూడా నర్సు ఫోను చేసింది.
చేసి — కొలత చెప్పలేదు, రమ్మంది.

వార్డులో ఉన్నది కొలతలమ్మ కూతురే.

బిడ్డ నెలలు నిండకుండానే పుట్టింది. ఆడపిల్ల. ఏడవలేదు... ఒక్కసారైనా ఏడవలేదు.

సాయంత్రం సమాధి చెయ్యాలి. కూతురు గోడవైపు తిరిగి పడుకుంది. "నేను చూడను. తీసుకెళ్ళిపోండి" అంది. "చూడకపోతేనే మంచిదిలే అత్తయ్యా, త్వరగా మర్చిపోతుంది" అన్నాడు అల్లుడు. పాపం, అతని కళ్ళూ వాచిపోయి ఉన్నాయి.

మర్చిపోతుందా?
ఏమో. కొలతలమ్మకేం తెలుసు. ఇన్నాళ్ళూ ఆ తలుపు దాటి లోపలికి వెళ్తేగా.

కొలత ఈసారి ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. తన కళ్ళతోనే చూసి వచ్చింది. గుడ్డ కత్తిరించింది. అంత చిన్న గౌను చేతులు మిషను మీద కుదరవు, చేత్తోనే కుట్టాలి. సూదిలోకి దారం ఎక్కడం లేదు. కళ్ళ నిండా నీళ్ళు. బెజ్జం కనిపిస్తేగా...

"ఎంతమంది పిల్లలకి కుట్టాను ప్రభువా" అంది పైకే. "నా ఒక్క పిల్లని నాకు ఉంచలేకపోయావా?"

వాన.

తలుపు తోసుకుని రొట్టెల కొట్టావిడ వచ్చింది. ఆదివారాలు వెనక బల్ల మీద కూర్చుని, ఆరాధన అవగానే ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్ళిపోయే మనిషి. మోచేతుల దాకా ఇంకా పిండి ఉంది. ఆమె ఓదార్చలేదు. దేవుడి చిత్తం అనలేదు. స్టూలు లాక్కుని పక్కన కూర్చుంది. సూది అందుకుని, దారం కొస నోట్లో తడిపి, ఎక్కించి ఇచ్చింది.

అంతే.

దారం అయిపోతే మళ్ళీ ఎక్కించింది. మళ్ళీ ఇచ్చింది.

కాసేపటికి, తనలో తను అనుకుంటున్నట్టు చెప్పింది. "నాకూ ఒక బాబు పుట్టాడక్కా. మీరు కుట్టిన చొక్కాలోనే పంపించారట, నర్సు చెప్పింది. నేను చూళ్ళేదు. అందరూ వద్దన్నారు. నా మంచికేనన్నారు." దారం కొస మళ్ళీ తడిపింది. "వాడి ముక్కు ఎలా ఉండేదో ఇప్పటికీ తెలీదు నాకు."

కొలతలమ్మ చేతిలో సూది ఆగిపోయింది.
మళ్ళీ కదిలింది. ఈసారి గబగబా.

వార్డులో కూతురు ఇంకా గోడవైపే ఉంది. కిటికీ అద్దం మీద వాన జారుతోంది. బిడ్డను పెట్టిన చిన్న పెట్టె పక్కన అల్లుడు నిలబడి ఉన్నాడు. మూత వెయ్యమంటారా అన్నట్టు నర్సు చూసింది.

కొలతలమ్మ మంచం మీద కూర్చుని, ఇస్త్రీ వేడి ఇంకా పోని గౌను కూతురి చేతి పక్కన పెట్టింది. చూడమనలేదు. బతిమాలలేదు.

చాలాసేపటికి కూతురి వేళ్ళు గుడ్డ మీదకు వచ్చాయి. తడిమాయి... ఆగాయి.

"అమ్మా, తిరగేసి కుట్టేశావు. కుట్లన్నీ పైకున్నాయి."

"తిరగేసి కాదే. కావాలనే. లోపలికుంటే ఒళ్ళు ఒరుసుకుపోతుంది."

కూతురు వేళ్ళతో ఆ కుట్లు మళ్ళీ తడిమింది. తర్వాత ఇటు తిరిగింది. అప్పుడు ఏడ్చింది. పొద్దుటి నుంచీ లోపల బిగబట్టిన ఏడుపు అది, వార్డంతా విన్నది.

ఏడుస్తూనే చేతులు చాచింది.

"ఇటివ్వండి దాన్ని. నాకు తొడగడం రాదు... నువ్వు చెప్పమ్మా."

నర్సు పెట్టెలోంచి ఎత్తి ఇచ్చింది. అల్లుడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. గౌను మెడ దగ్గర విప్పి పట్టుకుని, కొలతలమ్మ కూతురి మీదకు వంగింది.

"మెల్లిగా... ముందు తల కింద చెయ్యి పెట్టుకో."