పడుగు జాగ

గద్వాల నేతగాళ్ల వాడ వెనక జాగలో పోలీసులు గుంజలు పీకి లారీలో పడేస్తున్నారు. పడుగు, అంటే మగ్గానికెక్కించే నిలువు పోగులు, సాగదీసి కట్టే గుంజలవి. తాతల నాటి నుంచి వాడంతా పడుగులకు గంజి పెట్టి ఆరబెట్టుకునే చోటది. ఇళ్లలో మగ్గానికే స్థలం చాలదు. ఈ జాగ పోతే మగ్గం ఆగినట్టే.

"ఎవరి హుకుం సారూ?" వాడ పెద్ద నర్సింహులు అడిగాడు.

"ఎమ్మెల్యే సాబ్‌ది. షాపింగ్ కాంప్లెక్స్ కడ్తరంట. రేపే శంకుస్థాపన" అన్నాడు ఎస్సై.

ఎమ్మెల్యే అంటే దశరథం. బిజినేపల్లి పక్క పల్లెలో పుట్టి, వనపర్తి కోర్టులో నల్లకోటు వేసిన బీదల వకీలు. ఇదే జాగను ఓ సేటు కబ్జా చేస్తే, ఫీజు ముట్టకుండా కొట్లాడి విడిపించింది ఆయనే. అప్పుడు వాడలోని ముసలి నేతగత్తె ఈదమ్మ ఇంట్లో రొట్టె తిని, మగ్గం పక్కన చాప మీద పడుకున్నాడు. వాడంతా ఒక్కటై ఓట్లేసి గెలిపించింది.

సాయంత్రం అందరూ ఆయన బంగళాకు పోయారు.

"ఖాళీ జాగనే గదా నర్సింహులన్నా" అన్నాడు దశరథం. "నా గెలుపు మీటింగు అక్కడనే పెట్టినం. ఒక్క పడుగన్న ఉండెనా? ఫొటోలున్నయి."

నర్సింహులుకు చెంప పగిలినట్టయింది. పరిచిన పడుగును ఎవరూ దాటకూడదన్నది వాడ ఆచారం. మీటింగు జనం తొక్కుతారని పడుగులన్నీ చుట్టి ఇళ్లలో పెట్టించింది తనే.

"నీ కోసమే చుట్టినం వకీలు సాబ్!"

"గట్లంటే నడువదన్నా. కాంప్లెక్సుల మీకో దుకాణం ఇప్పిస్త."

"దుకాణంల ఏమమ్మాలె, నీ ఫొటోలా?" అన్నది ఈదమ్మ. "నేస్తే గదా అమ్మేది!"

తిరిగొస్తుంటే దారిలోనే లొల్లి మొదలైంది. "సర్కారుతోటి మనకేంది పంచాయితీ? ఇచ్చింది తీస్కుందాం" అన్నాడు ప్రేమ్ కుమార్, కొత్తగా పెళ్లయిన నేతగాడు.

"తీస్కో. మీ ఆమెను గల్లాపెట్టె మీద కూసోబెట్టి, పడుగు ఆమె నెత్తి మీద ఆరేసుకో" అన్నది ఈదమ్మ.

తెల్లారి శంకుస్థాపన శిలాఫలకం ఎదుటే కొత్త గుంజలు పాతి ఈదమ్మ పడుగు కట్టింది. గంజి పెట్టి కుంచెతో దువ్వుతోంది. పోలీసులు దిగారు.

"లే ముసల్దానా!"

"గంజి తడి ఆరలే. కుంచె ఆపితే పోగులు అతుక్కపోతయి. తాపీగ రా."

దశరథం కారు వచ్చింది. ఆయన దిగి పడుగుకు అవతలే ఆగిపోయాడు.

"ఈదమ్మా, జర నా మాటిను."

"దాటి రా వకీలు సాబ్. మా చాప మీద చాపిన కాళ్లే గదా, దాటు!"

ఆయన దాటలేదు. ఎస్సై వైపు చూసి తల ఊపాడు. ఇద్దరు పోలీసులు ఈదమ్మను ఎత్తి జీపులో పడేశారు. కుంచె నేల మీద పడింది.

ప్రేమ్ కుమార్ వంగి దాన్ని అందుకున్నాడు. నాలుగు సార్లు దువ్వాడో లేదో, వాణ్నీ లాక్కుపోయారు. వాడి భార్య మాలతి కొంగు దోపుకుని కుంచె పట్టింది.

నర్సింహులు ఇంటికి ఉరికాడు. చుట్టిపెట్టిన తన పడుగు భుజాన వేసుకొచ్చి, పక్కనే విప్పాడు. వాడలో తలుపులన్నీ తెరుచుకున్నాయి.

జీపు నిండిపోయింది. పడుగులు ఇంకా వస్తూనే ఉన్నాయి.