వెనక్కి పెట్టిన పిడికెడు పత్తి

ఆదిలాబాద్ పత్తి మార్కెట్లో ఆ ఏడాది ఎడ్లబండ్లన్నీ శ్యాంసుందర్‌రావు కొట్టు దాటుకుని పోయి, ఎదురుగా ఉన్న హనుమండ్లు కొట్టు ముందే ఆగుతున్నాయి. ఇద్దరిదీ ఒకటే ధర. ఆ మాట తలచుకున్నప్పుడల్లా శ్యాంసుందర్‌రావు గుమ్మంలోకొచ్చి హనుమండ్లు బేరాలను గమనించేవాడు.

చూడగా చూడగా తేడా ఒక్కటే కనబడింది. బేరానికి ముందు బండిలోంచి పిడికెడు పత్తి లాగి పింజ ఎంత పొడవు సాగుతుందో చూడడం వ్యాపారులందరికీ అలవాటే. చూసిన పత్తిని వాళ్లే ఉంచుకుంటారు. కొట్టులో శ్యాంసుందర్‌రావు కూర్చునే మెత్త అలా ఉంచుకున్న పత్తితో నిండిందే. హనుమండ్లు మాత్రం చూసిన పత్తిని మళ్లీ బండిలోనే పెట్టేవాడు.

"గింతేనా? గదేదో నేను గూడ చేస్త," అనుకున్నాడు శ్యాంసుందర్‌రావు.

మర్నాడు అంతయ్య అనే రైతు బండిని తానే ఎదురెళ్లి ఆపాడు. పిడికెడు లాగి, పింజ సాగదీసి, నలుగురికీ కనబడేలా తిరిగి బండిలో పెట్టాడు.

అంతయ్య ముఖం చిన్నబోయింది. "ఏంది దొరా, పత్తి నచ్చలేదా?"

"మంచిగున్నది. అందుకే నీది నీకు పెట్టిన."

బండి మీద కూర్చున్న అతని భార్య పోశవ్వ నవ్వింది. "నచ్చితే నువ్వెన్నడన్న ఇడిసిపెట్టినవా దొరా? ఏదో వంక దొరికినట్టుంది. తోలయ్యా, హనుమండ్లు సేటు చూస్తడు."

ఎదురు కొట్టు ముందు హనుమండ్లు అదే పత్తిని పిడికెడు లాగి, చూసి, మళ్లీ పెట్టాడు. అంతయ్య అప్పటికే ఎడ్లను విప్పుతున్నాడు.

"నేను చేసిందే గదా వాడు చేసింది," అని గొణుక్కుంటూ శ్యాంసుందర్‌రావు వచ్చి మెత్త మీద కూలబడ్డాడు. చూపు ఎదురు కొట్టు మీదే ఉంచి, వేళ్లకంటిన పింజను ఆ మెత్తకే తుడుచుకున్నాడు.