బొడ్డు కాడి రక్తం

నేను సదువుకోలే. గరిడేపల్లిల నాట్లేసిన, కలుపు తీసిన, అంతే. అయినా సూర్యాపేట దవాఖానల ఆపరేషన్ రూము తలుపుకు అడ్డం కూసున్న. లెవ్వమంటే లెవ్వలే.

నా మనుమరాలు భాగ్యకు ఐదేండ్లు. తలల గడ్డ, దాంతోని సూపు తగ్గుతున్నది. గడ్డ తీస్తమన్నరు. మత్తిచ్చే డాక్టరమ్మ ఇంద్రజ ముందే చెప్పింది, "పిల్ల ఒంట్ల ఉన్నదే లీటరుకు జర ఎక్కువ రక్తం. పెద్దోళ్లకు లెక్కకు రానంత రక్తం పోయినా దీనికి ముప్పే" అని.

గంత తెలిసినోళ్లు కాయితంల ఏమడిగిన్రో సూడున్రి! "రక్తస్రావ సమస్య ఉన్నదా?" అట. నా కొడుకు రాకేష్ "లేదు" అని రాసిచ్చిండు. స్ట్రెచర్ కదిలినంక నాతోని అంటడు, "ఐదేండ్ల పిల్లకు ముట్టు సంగతి అడుగుతరేందమ్మా?"

నేను వాని మీద ఎగిరిన. "నీ తెలివి తెల్లారినట్టే ఉన్నదిరా! ఏ రక్తమైనా అని అడుగుడురా అది! బొడ్డూడినప్పుడు మూడు దినాలు కారలేదా? చెవులు కుట్టిస్తే ఆగి, తెల్లారి మళ్ళ కారలేదా?"

ఉరికిపోయి ఆపరేషన్ రూము తలుపు కాడ స్ట్రెచర్ ముందట కూలబడ్డ. పెద్ద డాక్టరు కస్సుమన్నడు. "రక్త పరీక్షలన్నీ బాగున్నయి. జరుగమ్మా."

"పరీక్షలు నీయి, పిల్ల నాది. దీని రక్తం పేరుకుంటది, తెల్లారి మళ్ళ ఇడుస్తది. నన్ను తొక్కుకుంట తీస్కపో!"

ఇంద్రజమ్మ వచ్చి నా పక్కన కిందనే కూసున్నది. "బొడ్డు కాడ కారిందా? పిల్ల అమ్మానాయిన్లది మేనరికమా?"

"నా తమ్ముని బిడ్డనే నా కోడలు."

ఆమె పెద్ద డాక్టరు దిక్కు తిరిగి, "సార్, ఇయ్యాల వద్దు" అన్నది.

హైదరాబాద్ పంపిన పరీక్షల తేలింది. పేరుకున్న రక్తాన్ని గట్టిగ పట్టి ఉంచేదేదో పిల్ల ఒంట్ల లేదట. మామూలు పరీక్షలకు అది దొరకదట. దాతల రక్తంల నుంచి తీసిన ఆ సరుకును ముందు ఎక్కించి, నాలుగో రోజు తల తెరిచిన్రు. ఆరు గంటలు. ప్రార్థన గూడ నోటికి రాలే నాకు.

"రక్తం ఆగింది ఏసమ్మా" అన్నది ఇంద్రజమ్మ బయటికొచ్చి. నేను నమ్మలే. ఆగినట్టే ఆగి మోసం చేసే రక్తమది. రెండు దినాలు తల కట్టు దిక్కే సూస్కుంట కూసున్న. మూడోనాడు నర్సు బయటికి పొమ్మంటే ఒంటికాలు మీద లేసిన. కట్టు మీద మాత్రం ఒక్క మరక లేదు.

మంచం మీదికెల్లి సన్న గొంతు వచ్చింది. "నాయనమ్మా, లొల్లి సేయకే. తల నొస్తున్నది."

నాకు ఏడుపు ఆగలే. "సేస్తనే బిడ్డా" అన్న. "నువ్వు ఉంటవంటే డాక్టర్లతోనే గాదు, దేవునితోని గూడ సేస్త."